పన్నెండు మూరల నడికట్టు

ఆగస్టు 4, మంగళవారం. ఎండ. తెల్లవారుజామున కొండ వైపు నుంచి కాస్త గాలి. నడికట్టు ఉతికి డాబా మీద ఆరేశాను. పన్నెండు మూరల నల్లగుడ్డ. తడిస్తే ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఒక్కడినే ఎత్తాను.

పౌలా వాళ్ళ బాదం తోటలో కూలిన గోడ మూడు గజాలు లేచింది. పాత రాళ్ళు మంచివే, కట్టినవాడే తొందరపడ్డాడు. మధ్యాహ్నం ఒక రాయి కాలి మీద పడింది. పట్టుకునే ఉన్నాననుకున్నాను, చూస్తే చేతిలో లేదు. బొటనవేలు నల్లబడింది. రాత్రి కుడిచేతి మీద పడుకుని ఉంటాను, తిమ్మిరి. చెయ్యి బాగుంది.

సాయంత్రం మనిషికోట అభ్యాసానికి వెళ్ళాను. అసుంతా అందరినీ నేల మీద కూర్చోబెట్టింది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. నోరు మూసుకోమన్నా తెరవమన్నా జనం వినే గొంతు. అందుకే జట్టుకి ఆమెని పెద్దని చేశాం.

"పందొమ్మిదిన తర్రగోనాలో మాగీ పండుగ. చర్చి మెట్ల ముందు మన వంతు మధ్యాహ్నం. ఎనిమిదంతస్తులు కడుతున్నాం" అంది.

 మా ఊరు ఒకరి భుజాల మీద ఒకరుగా ఎనిమిదంతస్తుల మనిషికోట కట్టి పదకొండేళ్ళయింది.

తర్వాత కాగితం చూసి చోట్లు చదివింది. "అంతస్తుకి నలుగురు. ముందు వైపు అడుగున వెంతురా. వెంతురా భుజాల మీద ఫ్రుయితోస్. ఫ్రుయితోస్‌ని వెనక నుంచి ఎత్తిపట్టే మొదటి చేతులు ఇసీద్రె. ఇసీద్రె వెనక రెండో చేతులు ఎలిసెండా." అలా చదువుతూ పోయి, "శిఖరాన జానా" అని ముగించింది.

జానా వెంతురా మనవరాలు. ఏడేళ్ళు. తన పేరు వినగానే లేచి నిలబడి నడుం వంచి అందరికీ దండం పెట్టింది. కిమెట్ చప్పట్లు కొట్టాడు. "మహారాణీ, పైనుంచి మా బట్టతలల మీద ఉమ్మెయ్యకు సుమా!"

"నీది ఒక్కటే బట్టతల కిమెట్ తాతా. రాళ్ళ తాతకి జుట్టుంది" అంది.

రాళ్ళ తాత అంటే నేనే, ఇసీద్రె.

పద్దెనిమిదినే బయల్దేరి ఒక రోజు ముందు చేరదామని కిమెట్ అన్నాడు. వాళ్ళక్క రెమే ఇల్లు అక్కడి జాలరిపేటలో ఉంది. వెంతురా, కిమెట్, నేను. జట్టు మర్నాడు బస్సులో వస్తుంది. సరేనన్నాను.

ఆగస్టు 5. ఎండ. గోడ రెండు గజాలు. చెయ్యి బాగుంది.

ఆగస్టు 7, శుక్రవారం. ఎండ, మధ్యాహ్నం ఉక్క. డాబా మీద కుండీలకి నీళ్ళు పోశాను.

రెయూస్ ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. మెడలో నరం నలుగుతోందట. తల కంటే ఎత్తుగా బరువు పట్టకూడదట. ఆపరేషన్ గురించి మాట్లాడటానికి ఒక నంబరు ఇచ్చారు. ఉత్తరాన్ని రైతు పంచాంగంలో నవంబరు పేజీలో పెట్టాను. నవంబరులో గోడల పని ఉండదు. అప్పుడు చూడొచ్చు.

అభ్యాసంలో ఆరంతస్తుల దాకా కట్టి దించాం. ఐదోది ఎక్కుతుండగా ఫ్రుయితోస్ కాలు అర జానెడు జారింది. పడలేదు. దిగాక తొడ రుద్దుకుంటూ, "వెనకెవరిదో చెయ్యి వదులైంది" అన్నాడు.

అసుంతా మా వైపు చూసింది. ఎలిసెండా, "నాదే అయ్యుంటుంది. చెమట" అంది.

నేను నడికట్టు విప్పుకున్నాను.

ఎలిసెండా పశువుల డాక్టరు. నాకంటే జానెడు పొడవు. రెండేళ్ళ క్రితం ఆమెని నా చోట నిలబెట్టి చూద్దామని అసుంతా అడిగింది. ఇంకా లేతది, తొందరపడుతుంది అన్నాను. ఇవాళ ఆమె చేతులకి సుద్దపొడి రాసుకుంటూ నా వైపు చూడలేదు.

చెయ్యి బాగుంది.

ఆగస్టు 9, ఆదివారం. మబ్బు. వాన పడలేదు. వసారా గుంజ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు వలిచాను. కళ్ళు మూసుకుని వలిస్తే గింజ వేళ్ళలో ఉందో గిన్నెలో పడిందో కుడిచేతికి తెలియలేదు. ఎడమచేతికి తెలిసింది. గింజలు మరీ చిన్నవి. బరువైనవి అయితే తెలుస్తుంది.

చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఇప్పుడు పది నిమిషాలు ముందు లేస్తున్నాను. వయసు.

ఆగస్టు 11. ఎండ. అభ్యాసం బాగా జరిగింది. ఏడంతస్తులు ఎక్కాయి, దిగాయి. ఫ్రుయితోస్ గోడలా నిలబడ్డాడు. చెయ్యి బాగుంది. నేనే అనవసరంగా భయపడ్డాను.

ఆగస్టు 14. ఎండ. పౌలా గోడ పూర్తి. మళ్ళీ ఏడంతస్తులు. చెయ్యి బాగుంది.

ఆగస్టు 16. పెన్సిలు జారుతోంది. దానికి గుడ్డపీలిక చుట్టాను.

ఆగస్టు 18, మంగళవారం. తర్రగోనా. ఎండ. ఆకాశం మీద ఒక్క మరక లేదు. పొద్దున కుండీలకి నీళ్ళు పోసి, తలుపు గొళ్ళెం పెట్టి, పదిన్నరకి రైలు ఎక్కాను.

ద్రాక్షతోటలు దాటాక కిమెట్ పొట్లం విప్పాడు. రొట్టె, దాని మీద రుద్దడానికి టమాటాలు, ఒక చిన్న సీసా నూనె. ముప్ఫై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచినవాడు, ఏది ఎవరికివ్వాలో తడుముకోడు. రైలు ఊగుతుంటే ముగ్గురికీ రొట్టె తయారుచేశాడు, ఒక్క చుక్క నూనె కారనివ్వలేదు. ఎదురు సీటులో కూర్చున్న ముసలావిడ చూస్తుంటే ఆమెకీ ఒకటి ఇచ్చాడు.

"వీళ్ళిద్దరూ ఎవరు?" అని ఆవిడ అడిగింది.

"కోటలో పునాది అమ్మా. మా ఊళ్ళో అందగాళ్ళని పైకి ఎక్కిస్తాం, ఇలాంటి మొహాల్ని అడుగున దాచేస్తాం."

వెంతురా నవ్వాడు. వెంతురా నవ్వితే భుజాలు కదులుతాయి తప్ప మొహం కదలదు. ద్రాక్షసారా సంఘం లారీ తోలతాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కోటలో నాకు కనిపించేది అతని మెడే. మెడ వెనక, జుట్టు అంచున ఒక పుట్టుమచ్చ ఉంది.

దిగగానే ఇనుము ముట్టడానికి వెళ్ళాం. తర్రగోనా వచ్చినవాడు సముద్రం మీది ఇనప కటకటాల దాకా నడిచి, చేత్తో ముట్టుకుని, అప్పుడు మిగతా పనులు చూసుకుంటాడు. కోట కట్టడానికి వచ్చినవాడైతే మరీనూ. కింద రైలు పట్టాలు, ఇసుక, ఆ తర్వాత అంతా నీలం. దూరాన ఒక సరుకు ఓడ నిలబడి ఉంది. పన్నెండు దాటింది. ఎండ మాడ్చేస్తోంది.

కిమెట్ ముట్టుకుని, "అబ్బా! పెనం రా ఇది!" అని చెయ్యి విదిలించాడు. వెంతురా రెండు వేళ్ళు ఆనించి తీసేశాడు. నేను కుడిచెయ్యి వేసి, ఆ ఓడ లోపలికి వస్తోందా బయటికి పోతోందా అని చూస్తూ నిలబడ్డాను. లోపలికే అనుకున్నాను, లంగరు ఇంకా ఎత్తలేదు. అలా కాసేపు మాట్లాడాను. ఇద్దరూ జవాబు చెప్పకపోతే తిరిగి చూశాను.

వెంతురా నా చేతి వైపు చూస్తున్నాడు.

"వీడి చెయ్యి కూడా రాయైపోయింది రా" అన్నాడు కిమెట్. "రేపు పౌలా వాళ్ళ గోడలో పెట్టుకోవచ్చు."

"రాళ్ళ పని చేసే చెయ్యి మరి. తోలు మందం" అన్నాను. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

వెంతురా ముందు నడిచాడు.

మధ్యాహ్నం జాలరిపేటలో రెమే వంట. కాల్చిన సార్డీనులు, బాదంపప్పు నూరిన ఎర్ర పచ్చడి. బల్ల వీధిలోనే వేసింది. వలలు ఆరిన వాసన. వైను కొమ్ముకూజా చేతులు మారుతోంది. నా వంతు వచ్చింది. పైకెత్తి వంచాను. ధార మొదట నోట్లో పడింది, తర్వాత గడ్డం మీద, తర్వాత చొక్కా మీద. నాకు తెలిసేసరికి నడుం దాకా తడిశాను.

"చూడండ్రా! యాభై తొమ్మిదేళ్ళకి మళ్ళీ పాలు మానిపించాలి వీడికి!" అని కిమెట్ బల్ల మీద కొట్టి నవ్వాడు. రెమే నవ్వింది. పక్కింటివాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

వెంతురా లేచి లోపలికి వెళ్ళాడు. పుచ్చకాయ ముక్క తెచ్చాడు. నాకు ఇస్తాడనుకున్నాను. నా కుడిచెయ్యి తీసుకుని, అరచెయ్యి పైకి తిప్పి, చల్లటి ముక్క అందులో పెట్టి, నా వేళ్ళు మూశాడు. అప్పుడు చూశాను. అరచేతికి అడ్డంగా రెండు ఎర్రటి గీతలు. బొబ్బలు పొంగాయి.

"తిను" అన్నాడు.

తిన్నాను. తియ్యగా ఉంది.

తర్వాత ముగ్గురం సముద్రంలో దిగాం. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. కిమెట్ వెల్లకిలా తేలుతూ, జనం వినేలా ఏదో పాట ఎత్తుకున్నాడు. సగం కూనిరాగం, సగం బూతు. మంచి రోజు. చాలా మంచి రోజు. కలకాలం గుర్తుంటుంది.

గట్టున తువ్వాలు విదిలిస్తూ వెంతురా అన్నాడు: "రేపు నా నడికట్టు ముందు చుట్టు."

ఎప్పుడూ నాదే ముందు. అతను కొస పట్టుకుంటాడు, నేను చుట్టూ తిరుగుతూ అతని దాకా వస్తాను. తర్వాత అతనిది.

సరేనన్నాను.

చెయ్యి

ఆగస్టు 19, బుధవారం. ఎండ. సాయంత్రం ఆరు, రెమే వసారాలో రాస్తున్నాను. వాళ్ళిద్దరూ స్నానానికి వెళ్ళారు. చొక్కా పొద్దున్నే ఉతికి ఆరేశాను, మరక పోలేదు.

పదకొండుకి బస్సు వచ్చింది. జానా దిగుతూనే, "తాతా, సముద్రంలో దిగొచ్చా?" అంది. "కోట దిగాక సముద్రంలో దిగు" అన్నాడు వెంతురా.

చర్చి వెనక సందులో అందరూ నడికట్లు చుట్టుకుంటున్నారు. సందు పొడవునా నల్లగుడ్డలు, ఒక కొసన పట్టుకుని నిలబడ్డవాళ్ళు, ఇంకో కొసన తిరిగేవాళ్ళు. వెంతురా ఒక కొస నాకు ఇచ్చాడు.

"లాగి పట్టు."

పట్టాను. రెండు చేతులా పిడికిలి బిగించాను. అతను నడుముకి ఆనించి ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టుకి ఎడమ అరచేతికి చెమట పట్టింది, ప్యాంటుకి తుడుచుకున్నాను. కుడిచెయ్యి పట్టుకునే ఉందిగా. అతను మూడో చుట్టు సగంలో ఆగిపోయాడు.

"ఏమైంది?" అన్నాను.

కిందికి చూశాడు. నడికట్టు కొస రాళ్ళ మీద పడి ఉంది. నా కుడి పిడికిలి ఇంకా బిగించే ఉంది. లోపల ఏమీ లేదు.



"నిన్న ఇనుము కాలితే నువ్వు చెయ్యి తీయలేదు" అన్నాడు.

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"ఈస్టర్ నుంచి."

"డాక్టరు చూశారా?"

"ఉత్తరం వచ్చింది. పంచాంగంలో పెట్టా."

"ఏ నెలలో?"

"నవంబరు."

భుజాలు కదిలాయి. నవ్వు కాదు.

"నేను ఎవరికీ చెప్పను రా. చాడీలు చెప్పే వయసు కాదు మనది. నా వెనక ఎవరున్నారో నేను తలతిప్పి చూడలేను. ఇన్నేళ్ళూ చూడాల్సిన పని పడలేదు." ఆగాడు. "పైన జానా ఉంటుంది."

అంతే అన్నాడు. నడికట్టు కొస వంగి తీసి, మళ్ళీ నాకే ఇచ్చాడు. ఇంకెవరినైనా పిలవొచ్చు. పిలవలేదు.

నేను కొసని నా నడుముకి రెండు చుట్లు తిప్పి దోపుకున్నాను. బండరాయిని తాడుకట్టి లాగేటప్పుడు నిలబడ్డట్టు మడమలు రాళ్ళ సందుల్లో ఆనించి వెనక్కి వాలాను. చేతులతో పని లేదు. "ఇప్పుడు తిరుగు" అన్నాను. అతను తిరుగుతూ తిరుగుతూ నా దాకా వచ్చాడు. పొట్టకి పొట్ట తగిలేదాకా గుడ్డ వదులు కాలేదు. వేళ్ళతో లోపలికి దూర్చి చూసుకున్నాడు.

"ఇంత బిగువు ఎప్పుడూ రాలేదు" అన్నాడు.

నా నడికట్టు సంచిలోనే ఉంది. తీయలేదు. అసుంతా దగ్గరికి వెళ్ళాను.

సందు పొడవు ముప్ఫై అడుగులు ఉంటుందేమో. నడవడానికి చాలాసేపు పట్టింది. చెప్పాలనుకున్న మాటలు ఒక వరసలో పెట్టుకున్నాను, తీరా వెళ్ళాక, "నా కుడిచేతికి స్పర్శ లేదు" అని మాత్రం అన్నాను. "ఏడో తేదీన జారింది నా చెయ్యే. ఎలిసెండాది కాదు."

అసుంతా కాగితం మడిచింది. కోప్పడుతుందనుకున్నాను. బస్సు దగ్గర ఆడుకుంటున్న జానా వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది.

"ఏడంతస్తులకి తగ్గించనా పెద్దాయనా?"

పదకొండేళ్ళ తర్వాత వచ్చిన రోజు. బస్సునిండా జనం. నా వల్ల తగ్గితే ఎవరూ పైకి అనరు. అనకపోవడమే మోయలేను.

"ఎనిమిదే కట్టు. ఎలిసెండాని నా చోట నిలబెట్టు."

"లేతది అన్నావు."

"అన్నాను."

ఎలిసెండా పక్కనే ఉంది. జుట్టు గుడ్డతో కట్టుకుంటోంది. ఆమెకి చెప్పాల్సింది చాలా ఉందనిపించింది. గోడ గురించి చెప్పినట్టే చెప్పాను. "మూడో అంతస్తు ఎక్కగానే ఫ్రుయితోస్ ఎడమకి వాలతాడు. వెంటనే తొయ్యకు. రాయి తన చోటు తనే చూసుకుంటుంది. చూసుకున్నాక అప్పుడు బిగించు. పైకి చూడకు. ఎక్కేవాళ్ళ కాలు జారకుండా చొక్కా కాలరు పళ్ళతో పట్టుకో..."

"తెలుసు" అంది.

"ఎలా తెలుసు?"

కాసేపు గుడ్డముడితో పెనుగులాడింది. "జూన్ నుంచి నీ కుడిచేతి కింద నా చెయ్యి పెట్టే పట్టుకుంటున్నా ఇసీద్రె. ఏడో తేదీన నిజంగానే నాకు చెమట పట్టింది."

ఈ పుస్తకంలో పదకొండో తేదీ దగ్గర నేను ఏం రాశానో ఇప్పుడే తిరగేసి చూశాను.

మా వంతు వచ్చింది. నేను చర్చి మెట్లలో మూడోదాని మీద నిలబడ్డాను. చుట్టూ కొత్తవాళ్ళు. జట్టు గుంపుగా దగ్గరికి చేరింది, తలలు వంచింది, చేతులు లేచాయి. ఎలిసెండా చేతులు నాకు కనిపించాయి. వాటి మీద ఫ్రుయితోస్, వాడి మీద ఇంకొకడు. సన్నాయి అందుకుంది. సన్నాయి మొదలైతే ఇక వెనక్కి రాకూడదని లెక్క. లోపలున్నప్పుడు దాన్ని బట్టే తెలిసేది, కోట ఎంతదాకా వచ్చిందో.

కోట వణుకుతుంది. ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు. లోపల బరువుగా, కదలకుండా, గోడలా ఉంటుంది. బయట నుంచి చూస్తే పై నాలుగు అంతస్తులూ గాలికి ఆకుల్లా ఊగుతుంటాయి, అయినా నిలబడతాయి. 

జానా ఎక్కింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు పెట్టినట్టు నాలుక కొస బయటపెట్టి ఎక్కుతుంది ఆ పిల్ల. అదీ నాకు ఇవాళే తెలిసింది. శిఖరం దాటుతూ చెయ్యి ఎత్తింది. రెప్పపాటు. లోపల నుంచి సన్నాయి వింటే ఆ చెయ్యి చాలాసేపు పైనే ఉంటుందనుకునేవాణ్ణి.

జనం అరిచారు. నేను అరవలేదు. ఎక్కడం సగమే. దిగాలి. జానా అవతలి వైపు జారుతూ దిగింది. ఏడు. ఆరు. ఐదో అంతస్తు దిగుతుండగా ఫ్రుయితోస్ ఎడమకి వాలాడు. వాలుతున్నాడు, వాలుతున్నాడు. తొయ్యకు, తొయ్యకు అనుకున్నాను. ఆమె తొయ్యలేదు. వాడు ఆగాడు. అప్పుడు బిగించింది.

నాలుగు. మూడు.

వెనకున్న ఆవిడ నా మోచెయ్యి తట్టింది. "కాస్త చేతులు దించండి బాబూ, వెనక మాకేం కనపడటం లేదు."

చూసుకుంటే నా రెండు చేతులూ తల మీదికి లేచి ఉన్నాయి. వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు వంగి ఉన్నాయి.

దించాను.

ఆగస్టు 20, గురువారం. ఊరు. ఎండ, గాలి లేదు. చెయ్యి బాగాలేదు.

పొద్దున ఆరింటికి లేచాను. కుండీలకి నీళ్ళు పోశాను. చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకున్నాను, పైది వదిలేశాను. ఎనిమిదింటికి ఉత్తరంలో ఉన్న నంబరుకి ఫోను చేశాను. పదకొండుకి రమ్మన్నారు. వెంతురా లారీ తెచ్చాడు. వీధిలో నిలబడి హారను కొడుతున్నాడు. జానా కూడా వచ్చినట్టుంది, రాళ్ళ తాతా అని అరుపు వినిపిస్తోంది. నడికట్టు ఉతికి ఆరేసి వస్తానని కిటికీలోంచి చెప్పాను.

"నిన్న కట్టుకోనేలేదు కదరా! కట్టని గుడ్డకి ఉతుకెందుకు?"

"వెళ్ళొచ్చిన గుడ్డ. దుమ్ము ఉంటుంది."

"అయితే ఒక్కడివే ఎత్తకు. ఆగు, పైకి వస్తున్నా."

మెట్లు ఎక్కుతున్న చప్పుడు. నడికట్టు తొట్టిలో నానుతోంది. ఒక కొస వాడికిచ్చి, రెండోది ఎడమచేత్తో పట్టుకుంటాను.